ఆల్చిప్పల్లో నీళ్ళు పారబోయకు

చిన్నా,

మీ అక్క పోయిన రోజు నుంచి పాప ఫలానాది కావాలని నోరు తెరిచి అడగలేదు. పొద్దున అడిగింది, అమ్మ ఓవెన్‌లో చేసే జపాన్ తరహా ఆల్చిప్పలు కావాలని. నాకు సాయంత్రం మా బడిలో తల్లిదండ్రుల సమావేశం ఉంది. భారం నీదే.

పైచిప్పలు తీయించి తెచ్చాను, ఫ్రిజ్‌లో ఉన్నాయి. ట్రేలో రాళ్ళ ఉప్పు పరిచి పెడితే ఒరగకుండా కుదురుగా ఉంటాయి. ఆ ఉప్పు ఆసరాకే, వడ్డించడానికి కాదు; నీ సంగతి తెలిసి రాస్తున్నాను. లోపలి నీళ్ళు పారబోయకు. పోయినసారి కుళాయి కింద కడిగేసి, "శుభ్రంగా చేశాను బావా" అని ఛాతీ విరుచుకున్నావు. రుచి కూడా శుభ్రంగా పోయింది. మయొనీజ్‌లో కొంచెం మీసో, అదే ఆ ఉప్పటి సోయా ముద్ద, కలిపి పైన రాసి, ఎర్రబడేదాకా ఓవెన్‌లో ఉంచు.

నాకోసం ఆగకండి, వేడిగా తినండి.

మరో మాట. తింటూ పాప వాళ్ళమ్మ ఊసెత్తితే మాట మార్చకు. నీకు గుర్తున్నవన్నీ చెప్పు. తరగతిలో చివరి బల్లదాకా వినిపించే నా గొంతు ఇంట్లో పెగలడం లేదు. అమ్మ గురించి దానితో నేనింకా ఒక్క మాటా మాట్లాడలేదు.

బావ