కొమ్ము పురుగు వచ్చిన వేసవి

తుఖోలా అడవి, ఆగస్టు

ప్రియమైన వాత్సెక్,
తేనెటీగలను వదిలి పట్నం రానన్నది నేనే. అయినా నువ్వు లేని ఇల్లు బోసిగా ఉంది. మన వెనకాల పైన్ చెట్లకు పురుగు పట్టింది. వేలెడంత పొడవు, పచ్చని ఒంటిమీద తెల్ల చారలు, తోక దగ్గర చిన్న కొమ్ము. విమానంతో మందు చల్లిస్తారట, ఆ కాగితం మీద అటవీ అధికారిగా నువ్వే సంతకం పెట్టాలట. రొట్టెల కొట్టు దగ్గర పక్కింటి గెర్‌త్రూదా పిన్ని నన్ను నిలేసింది. “నీకేం తల్లీ, ఈగలు చస్తే మళ్ళీ పెంచుకుంటావు. అడవి పోతే మా మగాళ్ళు ఏం నరుకుతారు, నీ మైనమా?” అంది. మందు పడితే నా పెట్టెల్లో ఒక్క ఈగైనా మిగులుతుందా?
నీ బ్రోన్యా

నా బంగారు బ్రోన్యా,
కొమ్ముందన్నావు చూడు, ప్రాణం లేచొచ్చింది. అది డేగ చిమ్మట పిల్ల. రెక్కలొచ్చాక పగలంతా పైన్ బెరడులో బెరడై కూచుంటుంది, పొద్దువాలాక పూల ముందు గాలిలో నిలబడి తేనె తాగుతుంది. కాస్త ఆకు తింటుంది గాని అడవిని చంపదు. చంపేది వేరే, ఒళ్ళంతా బొచ్చుండే పురుగు. అదుందేమో చూసి రాయి. ఉంటే మాత్రం నీ పెట్టెలున్నా సరే, సంతకం పెట్టక తప్పదు.
నీ వాత్సెక్

ప్రియమైన వాత్సెక్,
అడవంతా తిరిగాను. తేనె కోసం అబద్ధమాడానని రేపు అనకుండా పిన్నినీ లాక్కెళ్ళాను. మెడ పట్టేసేదాకా కొమ్మలు చూసింది. బొచ్చు పురుగు లేదు. చివరికి కొమ్మువాణ్ణి అరచేతిలో పెట్టుకుని, “దిక్కుమాలినోడా, నీకోసమా నేనింత హడలి చచ్చింది!” అని నవ్వింది. ఉన్నదున్నట్టు రాశాను. ఇక నీ ఇష్టం.
బ్రోన్యా

బ్రోన్యా,
ఇన్నాళ్ళూ రాయనందుకు కోపగించుకోకు. సంతకం పెట్టలేదు. “పురుగంటే పురుగే! విమానం మాట్లాడేశాక ఆపడానికి నువ్వెవడివయ్యా?” అని మా ఆఫీసు పెద్దాయన చిందులు తొక్కాడు. విమానం ఆగింది. నన్ను మాత్రం బాల్టిక్ ఒడ్డున ఒంటిగది కాపలా ఇంటికి తోలేశారు. ఇక్కడ ఇసుక, పైన్ చెట్లు, కనుచూపుమేర విరగబూసిన ఊదా పొదలు, అంతే. పట్నానికే రానిదానివి, ఇంతదూరం రమ్మని అడగను. క్రిస్మస్‌కు నేనే వస్తాను.
నీ వాత్సెక్

ఓయ్ పిచ్చి వాత్సెక్,
ఊదా పొదలు పూశాయని మొదటి వాక్యంలో రాయవద్దూ? ఇక్కడ పూత అయిపోయి ఈగలు దాచుకున్న తేనె కూచుని తింటున్నాయి. పిన్ని కొడుకు లారీ తెస్తున్నాడు, పెట్టెల మూతులకు గుడ్డలు కట్టేశాను. తాళంచెవి పిన్నికిస్తే, “మళ్ళీ ఎప్పుడొస్తావే?” అని కళ్ళు తుడుచుకుంది. “మా ఆయన మళ్ళీ ఎవరితో తగువు పెట్టుకుంటాడో చూసి చెప్తా” అన్నాను. ఈ ఉత్తరం నాకంటే ముందు చేరితే, గుమ్మానికి తూర్పున గాలి తగలని చోటు పెట్టెలకు చదును చేసి ఉంచు.
వస్తున్న నీ బ్రోన్యా