మూడో అంతస్తు మెట్ల రెయిలింగు విషయం

నగరపాలక ఇంజనీరు గారి సముఖమునకు,

మా భవనం మెట్ల రెయిలింగు ఊడిపోయి ఏడేళ్లయిందని నేను పంపుకొన్న పద్దెనిమిది అర్జీలూ తమకు చేరే ఉంటాయి. కింది వాటాలోని చిత్రకారుడు ఒక్క అర్జీ కూడా పెట్టలేదు. అతనిది నగరాన్ని ఉన్నదున్నట్టు గీసే బృందం. గోడ పట్టుకుని మెట్లు దిగుతున్న మా అమ్మను గీశాడు. ఆ చిత్రం అంతర్జాతీయ ప్రదర్శనకు వెళ్లి పతకం తెచ్చింది.

నిన్న తమ సిబ్బంది రానే వచ్చారు. రెయిలింగు పెడతారు కాబోలని కుర్చీలు వేశాను. వారు గోడకు ఒక బోర్డు కొట్టారు: "పతకం పొందిన చిత్రంలోని మెట్లు. విదేశీ ప్రతినిధులు సందర్శించు స్థలం. మరమ్మతులు నిషేధం." చదివి, ఆ కుర్చీల్లో ఒకదానిలో నేనే కూర్చున్నాను.

"బొమ్మలో లేనిది మేమెలా పెడతామండీ?" అన్నాడు తమ మేస్త్రీ.

బొమ్మలో రెయిలింగు గీయమని చిత్రకారుణ్ణి బతిమాలాను. "లేనిది నేనెలా గీస్తాను బాబాయ్? ముందు పెట్టించండి, అప్పుడు గీస్తా," అన్నాడు.

ప్రతినిధులు వచ్చే రోజున అమ్మ అదే మెట్టు మీద, అదే చీరలో నిలబడాలని తమ సిబ్బంది ఉత్తర్వు కూడా ఇచ్చి వెళ్లారు. అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. మొన్న ఆ మెట్టు మీదే జారి, గోడ పట్టు దొరికి బతికింది. ఉత్తర్వు చదివి వినిపిస్తే ఒక్కటే అడిగింది: "ఇంతకీ ఆ బొమ్మలో నేను కిందికి చేరానంటావా, నాయనా?"

సగంలోనే ఉన్నావని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ జవాబు తమరే స్వయంగా వచ్చి చెప్పవలసిందనీ, వచ్చేటప్పుడు గోడ పట్టుకుని ఎక్కవలసిందనీ ప్రార్థన.

ఇట్లు,
మూడో అంతస్తు అద్దెదారు