గొట్టం మీద గీత

మార్చి 4
మళ్లీ గీత. ఫర్నేస్‌లోంచి తీసిన సిరామిక్ గొట్టాన్ని లెన్సు కింద పెడితే, చుట్టూ వెంట్రుకంత పగులు. గొట్టం పై పొరలో కంటికి కనపడని రంధ్రాల్లోంచి, ఎంత వేడిలోనైనా హైడ్రోజన్ ఒక్కటే బయటికి రావాలి. టెస్ట్‌లో నైట్రోజన్ కూడా పిలవని చుట్టంలా దర్జాగా వచ్చేసింది.

ఆ పొర పట్టడానికి గొట్టాన్ని ద్రావణంలో ముంచి పైకి తీసేది నేనే. నీ చెయ్యి వణుకుతోందే, అన్నాడు మా ఆయన. అని, తలుపు ధడాలున వేసి వెళ్లిపోయాడు. పొద్దస్తమానం లోపలికీ బయటికీ అదే తంతు.

మార్చి 7
ఇంకో గీత, ఇంకో తిట్టు. కంపెనీవాళ్ల ఆర్డరు పోతే షెడ్డు మూసుకోవడమేనట. అదీ నా వల్లేనట.

మార్చి 8
డాక్టరు చేతులు చాచమన్నాడు. నిక్షేపంలా ఉన్నాయమ్మా, అన్నాడు. ఇంటికొచ్చి గ్లాసు నిండా నీళ్లు పోసి పట్టుకున్నాను. చుక్క తొణకలేదు. అయినా నమ్మకం కుదరలేదు. రోజూ అదే మాట వింటుంటే ఎవరికి మాత్రం కుదురుతుంది?

మార్చి 12
ఆయన ఊళ్లో లేడు. గొట్టం మీద గీత లేదు.

మార్చి 13
గొట్టాన్ని స్టాండుకి బిగించి, గిన్నె అడుగున కుళాయి తిప్పి ద్రావణమే కిందికి దిగేలా చేశాను. చెయ్యి తగలనివ్వలేదు. సగం దిగాక వెళ్లి తలుపుని అచ్చం ఆయనలాగే విసిరికొట్టాను. బల్ల అదిరింది. ఆరాక చూస్తే సరిగ్గా సగంలో గీత!

పగలబడి నవ్వాను. తర్వాత ఏడుపాగలేదు. ఛీ, ఇన్నాళ్లూ నా చేతుల్నే తిట్టుకున్నాను.

మార్చి 15
చెప్పాను. నెపం నా మీదికి నెడతావా, అని చిందులు తొక్కాడు. మెషిన్ తెస్తున్నా, ఇక నీ చేత్తో పనిలేదు, ఇంట్లో కూర్చో, అన్నాడు. షెడ్డు పెట్టిననాడు ఆ చేతులే కావాల్సొచ్చాయి. వెళ్తూ తలుపు ఎలా వేశాడో రాయక్కర్లేదు.

మార్చి 22
మెషిన్ తీసిన గొట్టం మీదా గీతే. మెషిన్ వణుకుతోందట.

మార్చి 25
కంపెనీకి పంపే శాంపిల్‌కి ఇదే ఆఖరి గొట్టం. ఆయన మెషిన్ పక్కనే ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. షెడ్డుకి వెళ్లి, అక్క వాళ్లింటికి పోతున్నా, ఇక రాను, అని చెప్పాను. పో, పీడా పోతుంది, అన్నాడు. తలైనా తిప్పలేదు.

అదే రోజు, అక్క ఇల్లు
బయటికొచ్చి తలుపు రెక్క పట్టుకున్నాను. గొట్టం ఇంకా సగంలోనే ఉంది. మొదటిసారి నా చెయ్యి వణికింది.

చప్పుడు కాకుండా వేశాను.