కొలిమికోట కథకి కొత్త హీరో

బాగ్‌బేరా రైల్వే కాలనీ, టాటానగర్,
ఆదివారం

అప్పా,

నువ్వు, బావ, పిల్లలు చల్లగా ఉన్నారనుకుంటూ మొదలుపెడుతున్నాను. నేనెలా ఉన్నానో ఇదంతా చదివాక నువ్వే చెప్పు. చేతిలో ఫోనుండగా ఉత్తరమేంటని నవ్వకు. ఈ క్వార్టర్లో వంటింట్లో పోపు పెడితే పక్కింటివాళ్ళు తుమ్ముతారు. నేను చెప్పబోయే సంగతి పక్కింటికే కాదు, మా ఇంటాయనకి, అంటే మీ మరిదికి కూడా వినపడకూడదు.

సూటిగా రాసేస్తున్నాను. మీ మరిదికి ఇంకెక్కడో ఒక కూతురుందని నా అనుమానం. అనుమానం పెనుభూతం అంటావు, నాకు తెలుసు. కానీ ముందు పూర్తిగా విను.

మా అత్తవారింటి కొలిమికోట కథ గురించి పెళ్ళైన కొత్తలో నీకు చెప్పాను, మరిచిపోయుంటావు. మా మావయ్య జగ్గారావుగారు గూడ్సు బండ్లకి గార్డు కదా. రాత్రిపూట ఉక్కు కార్ఖానాలో కరిగిన ఇనుప చెత్త పారబోస్తే ఇక్కడ ఆకాశమంతా ఎర్రబడుతుంది. దాన్ని చూపించి, అక్కడొక కోట ఉంది, దాని పేరు కొలిమికోట అని పిల్లలకి కథ మొదలుపెట్టాడు. ఇక దానికి అంతు లేదు. రెండు నదులు కలిసేచోట ఇనుము మింగే పాము, దల్మా కొండ మీద నడిచే రాతి ఏనుగులు, ఒకటి ముగిసేలోపు ఇంకోటి. డ్యూటీ దిగి వచ్చిన ప్రతిసారీ కొంత చెప్పేవాడట.

కథ ఆగదు, హీరో మాత్రం మారతాడు. ముందు మా ఆడపడుచు దేవి వదిన హీరో. తమ్ముడు పుట్టి కాస్త ఊహ తెలిశాక, కథలో వదిన తన చేతిలోని గార్డు లాంతరు వాడికిచ్చేసి రాతి ఏనుగెక్కి ఉత్తరానికి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి హీరో మీ మరిది శివశంకరే. దీనికొక కట్టుబాటు ఉంది. ఈ ఇంట్లో పుట్టిన బిడ్డకి తప్ప లాంతరు అందదు. తర్వాత దేవి వదిన పిల్లలు మమ్మల్నీ పెట్టు తాతా అని ఏడ్చినా మావయ్య ఒప్పుకోలేదు. 'మీది ఏరే ఇంటి పేరు, మీ అటేపు తాతనడగండి' అన్నాడట. అంత పట్టుదల.

నాకు ఐదో నెల ఉన్నప్పుడు ఈయన నా పొట్ట దగ్గర కూర్చుని ఆ కథ చెప్పేవాడు. పుట్టిన రోజే లాంతరు చేతులు మారుతుందనేవాడు. ఆ బిడ్డ దక్కలేదు. తర్వాత ఇంకెవరూ రాలేదు. ఈయన మళ్ళీ ఆ కథ ఎత్తలేదు. మా అత్త అమ్మణ్ణి మాత్రం బతికున్నన్నాళ్ళూ ప్రతి పండక్కీ 'కథ హీరో కోసం కూకుంది' అని నా ముఖం చూసేది. ఆ మాట నాకెక్కడ తగిలేదో నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మొన్న సాయంత్రం పెరట్లో బట్టలు తీయడానికి వెళ్ళాను. నీళ్ళ ట్యాంకు వెనకాల ఈయన గొంతు. ఫోన్లో ఎవరికో కథ చెప్తున్నాడు. అదే పాము, అవే ఏనుగులు. హిందీలో. మా ఇంటి కథ తెలుగులో తప్ప ఎప్పుడూ నడవలేదు అప్పా. ట్యాంకుకి ఇవతలే ఆగి విన్నాను. ఇంతలో ఈయన, 'ఔర్ శంకర్ నే లాల్‌టెన్ యోగితా కే హాథ్ మే దే దీ' అన్నాడు. శంకర్ లాంతరు యోగిత చేతికిచ్చాడట. అవతల నుంచి ఒక ఆడపిల్ల కేక, సంతోషంగా. ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి దానికి.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని వేరేవాళ్ళనైతే నవ్వేదాన్ని. ఇక్కడ పేరుంది, గొంతుంది. ఏం చెయ్యమంటావో వెంటనే రాయి.

నీ చెల్లి,
సుధ


బాగ్‌బేరా,
మంగళవారం

అప్పా,

రెండు వారాలకి నీ ఉత్తరం అందింది. నోరు మూసుకుని కళ్ళు తెరుచుకో అన్నావు. తెరుచుకున్నాను. ఇప్పుడు మూతపడటం లేదు.

మొదటిది, ప్రతి ఆదివారం డ్యూటీ లేకపోతే ఈయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బారిడీహ్ వెళ్తున్నాడు. ఊరికి ఆ చివర. అడిగితే యూనియన్ మీటింగ్ అంటాడు. యూనియన్ వాళ్ళంతా ఈ చివరే ఉంటారు. రెండోది, డ్రైవర్ డ్యూటీకి పట్టుకెళ్ళే ఇనప్పెట్టెలో టార్చి, జెండాలు, టిఫిను డబ్బా ఉంటాయి కదా, డబ్బా కడుగుదామని తీస్తే అడుగున రంగు పెన్సిళ్ళు దొరికాయి. కొత్తవి. మూడోది రాయడానికి చెయ్యి రావడం లేదు. తొమ్మిదేళ్ళ కిందట ఈయన్ని ఏడాదిపాటు చక్రధర్‌పూర్ మార్చారు, గుర్తుందా? అత్త మంచాన పడిందని నేను ఇక్కడే ఉండిపోయాను. ఆ పిల్ల వయసు, ఆ ఏడాది కలిపి చూసుకో.

నిన్న అన్నం పెడుతూ అడిగాను.

"ఆదోరం ఆదోరం బారిడీహ్‌లో ఏటి పని?"

"సెప్పేను కదా, మీటింగు."

"మీటింగుకి రంగు పెన్సిళ్ళెందుకు?"

ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. దొంగకి తేలు కుట్టినట్టు నీళ్ళు తాగాడు, మజ్జిగ పోసుకున్నాడు, మళ్ళీ నీళ్ళు తాగాడు. చివరికి, "తోటి డ్రైవర్ కూతురికి" అన్నాడు.

"ఏ డ్రైవర్?"

"నీకు తెలవదులే."

ఈ కాలనీలో నాకు తెలియని డ్రైవర్ ఎవరు? ఎవరింట్లో కుక్కర్ ఎన్ని కూతలు కూస్తుందో కూడా చెప్పగలను. ఆ మాట అన్నాను. లేచి చెయ్యి కడిగేసుకున్నాడు. సగం అన్నం కంచంలోనే ఉంది. అబద్ధం ఆడటం కూడా చేతకాని మనిషి ఇన్నేళ్ళు ఎలా దాచాడో అనుకుంటే కోపం రెట్టింపైంది.

నిజం చెప్పనా అప్పా? ఇంకొక ఆడది ఉందన్నదానికంటే ఆ లాంతరు ఇచ్చేశాడన్నదే నన్ను తినేస్తోంది. మగాడు దారి తప్పాడంటే నలుగురి ముందూ తిట్టి ఏడవగలను. ఆ కథ మాత్రం నా బిడ్డ కోసం ఆగిందనుకున్నాను. లేని బిడ్డకైనా అదొక్కటి మిగిలి ఉందనుకున్నాను. దాన్ని కూడా తీసుకెళ్ళి, భాష మార్చి, ఇంకొకరి బిడ్డ చేతిలో పెట్టాడు.

నిర్ణయించుకున్నాను. వచ్చే ఆదివారం ఆయన వెనకాలే బారిడీహ్ వెళ్తాను. ఒక్కసారి కళ్ళతో చూస్తాను. చూశాక ఈ ఇంట్లో ఉండను. నెలాఖరుకి బావని పంపు, ఒక్కదాన్నే సామాను మోసుకుని రాలేను. నీ ఇంట్లో కొన్నాళ్ళు ఉంటాను. తర్వాతి సంగతి తర్వాత. ఆయనకి ఏమీ తెలియనివ్వకు.

సుధ


బాగ్‌బేరా,
సోమవారం

అప్పా,

బావని ఆపు. టికెట్ కొన్నట్టయితే రద్దు చేయించు. మొత్తం రాస్తాను, మధ్యలో నాకు ఏడుపొస్తే అక్షరాలు అలుక్కుపోతాయి, సర్దుకుని చదువు.

కిందటి ఆదివారం ఆయన ఎక్కిన ఆటో వెనక ఆటోలో నేనెక్కాను. బారిడీహ్ బజారు దాటాక ఒక సందులోకి తిరిగాడు. రేకుల ఇల్లు, ఒకటే గది. బయటే నిలబడి కిటికీలోంచి చూశాను. నేను వెతికింది ఆడమనిషి కోసం. ఒక ముసలామె తప్ప ఎవరూ లేరు. చాప మీద బక్కపల్చటి పిల్ల బొమ్మ గీస్తోంది. గోడకి ఒక కుర్రాడి ఫోటో, దండ వేసి ఉంది. మీ మరిది ఆ ఫోటోకి వీపు పెట్టి కూర్చున్నాడు. గదిలో మంచి చోటు ఉన్నా అటే వీపు పెట్టాడు.

నేను ఆగలేకపోయాను. లోపలికి దూసుకుపోయి, "ఈ పిల్ల ఎవరి బిడ్డో సెప్పు" అన్నాను. ఆయన లేచి నిలబడ్డాడు. పిల్ల నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూస్తోంది. ముసలామె మాత్రం తొణకలేదు. పిల్ల చేతిలో డబ్బులు పెట్టి చక్కెర తెమ్మని పంపింది. అది సందు మలుపు తిరిగేదాకా చూసి, ఫోటో వైపు చెయ్యి చూపించింది.

"మేరా బేటా. ఇన్హీ కీ గాడీ సే." నా కొడుకు, ఇతని బండి కిందే.

పిల్ల తిరిగొచ్చేలోపు మిగతాది ఇద్దరూ చెప్పారు.

పోయిన చలికాలంలో పొగమంచులో ఆ అబ్బాయి సైకిలు నడిపించుకుంటూ పట్టాలు దాటుతున్నాడట. ఈయన కూతేశాడు, బ్రేకు వేశాడు. గూడ్సు బండి ఆగాలంటే ఆగేదా? తప్పు ఎవరిదీ కాదు అని ఆ ముసలామే అంది, కొడుకుని పోగొట్టుకున్న మనిషి. టాటానగర్‌లో పోలీసు కాగితాలయ్యేదాకా ఈయన్నీ వాళ్ళనీ ఒకే వరండాలో కూర్చోబెట్టారు. తల్లి లేని పిల్ల. నాన్న ఎప్పుడొస్తాడని పొద్దుటినుంచీ ఏడుస్తూనే ఉంది. ఎవరూ సముదాయించలేకపోయారు. ఈయనకి ఏం చెయ్యాలో తెలియక కొలిమికోట అని ఒకటుంది తెలుసా అని మొదలుపెట్టాడు. పిల్ల ఏడుపు ఆపింది. ఆరోజుతో అయిపోతుందనుకున్నాడు. మర్నాడు, ఈయన నానమ్మకిచ్చిన నంబరుకి, ఆమె ఫోన్లోంచి ఆ పిల్లే చేసింది. ఫిర్ క్యా హువా అని. తర్వాతేమైందో చెప్పకుండా ఎలా ఉంటాడు?

పిల్లకి తెలియదు అప్పా, కథ చెప్పే అంకుల్ ఎవరో. పెద్దయ్యాక నేనే చెప్తానని ముసలామె అంటోంది.

ఇంటికొచ్చాక తలుపేసి అడిగాను, నాతో చెప్పడానికేం అని. ఆయన గుమ్మం వైపు చూశాడు. అప్పుడు నాకు గుర్తొచ్చింది. నా బిడ్డ పోయిన వారంలోనే ఈయన డ్యూటీ దిగి వచ్చి, గుమ్మంలో నిలబడి, బండి కింద మనిషి పడ్డాడని వాళ్ళమ్మతో చెప్పాడు. నేను విన్నాను. మూడో రోజు నాకు అలా అయింది. 'పట్టాల మీద సావు కబురు ఇంక గుమ్మం దాటి లోపలికి రాకూడదు' అని అత్త అప్పుడే ఒట్టు వేయించుకుంది. అత్త పోయినా ఆయన ఆ ఒట్టు తప్పలేదు.

"ఆ తరవాత మరేటీ అవనేదా?" అని అడిగాను.

"అయ్యాయి."

"ఎంతమంది?"

వేళ్ళు మడవలేదు, ఆలోచించలేదు. "ఈ కుర్రోడితో ఐదుగురు" అన్నాడు.

ఒక్కొక్కటీ చెప్పించాను. వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టి, పొయ్యి ఆర్పేసి విన్నాను. ఒకటి మీ చిన్నాడి బారసాలకి ముందురోజు. ఆరోజు అందరూ నవ్వుతుంటే ఈయన మూలన ముఖం ముడుచుకుని కూర్చున్నాడని, మనవాళ్ళంటే లెక్కలేదని నువ్వూ నేనూ తిట్టుకున్నాం. పాయసం ముట్టలేదని నేను మాట్లాడటం కూడా మానేశాను. ప్రతిసారీ ఇంజన్ షెడ్డులోనే స్నానం చేసి, నా ముందు మామూలుగా కూర్చుని, నేను ఉప్పు ఎక్కువైందా అంటే లేదు బాగుంది అన్న మనిషి ఆయన. ఆ మిగతా నలుగురి పేర్లు కూడా ఆయనకి తెలియవట. ఈ ఒక్కడి పిల్లే ఫోన్ చేసింది.

"ఆ లాంతరు మనింటి బిడ్డకి కదా" అన్నాను. అనకుండా ఉండలేకపోయాను.

"దాని నాన్నని తెచ్చి ఇయ్యలేను. నా దగ్గర ఇంకేటుంది ఇయ్యడానికి?"

"రేపు దానికి తెలుత్తాది. అప్పుడో?"

"తెలిసిన రోజు ఇంక సెప్పొద్దంటాదేమో. ఆ రోజుదాకా సెప్తాను."

నేను ఏడ్చాను. ఆయన కూడా ఏడ్చాడు. నా పెళ్ళైన ఇన్నేళ్ళలో మొదటిసారి చూశాను. ఇకమీదట పట్టాల మీద ఏం జరిగినా ముందు నాకే చెప్పాలని, స్నానం తర్వాత సంగతి అని నేను ఒట్టు వేయించుకున్నాను. అత్త పైనుంచి తిట్టుకున్నా సరే.

నిన్న ఆయనతో కలిసే బారిడీహ్ వెళ్ళాను. చేతిలో కాసిని అరిసెలు పట్టుకెళ్ళాను. ఆ పిల్ల వాటి వైపు చూడలేదు, నన్నే చూసింది. మొన్న అరుచుకుంటూ వచ్చిన మనిషి కదా. అలాంటి చూపు నేను ఎవరి మీదైనా వేసుంటే వాళ్ళు పారిపోయేవారు. నన్ను పైనుంచి కిందిదాకా కొలిచి ఆయన్ని అడిగింది, ఈవిడ కూడా కథలో ఉందా అని హిందీలో.

ఆయన లేదన్నాడు. నిజమే, కోడళ్ళకి ఆ కథలో చోటెప్పుడుంది?

"తో ఫిర్ యే సున్‌నే క్యోఁ ఆయీ?" మరి వినడానికెందుకొచ్చింది?

ముసలామె కూడా నా వైపే చూస్తోంది. నేనే చెప్పాను, నాకొచ్చిన హిందీలో, నాకు కూడా ఎవరూ ఈ కథ పూర్తిగా చెప్పలేదమ్మా అని.

పిల్ల నమ్మిందని చెప్పలేను. పెన్సిళ్ళు పక్కకి నెట్టి, చాప మీద కొంచెం జరిగి, నాకు చోటు చూపించింది. కూర్చోవచ్చట. మధ్యలో ప్రశ్నలు మాత్రం అడగకూడదట.

ఉంటాను,
సుధ