దత్తు వెళ్ళిన తమ్ముడికి

మానియస్,

నిన్న పొద్దున నేను పొయ్యి ఊడ్చి, గృహదేవతలకు రొట్టె పెట్టాను. ఇంటికి ఒక్క మగవాడివి కనుక ఎప్పటిలాగే నువ్వే నిప్పులో ఉప్పు వేసి, రొట్టెలో ముక్క తుంచుకున్నావు. "దేవుళ్ళకేమైనా మిగిల్చావట్రా, తిండిపోతూ?" అని చిన్నక్క ఏడిపిస్తే నవ్వావు. "సాయంత్రం వస్తానక్కా" అన్నావు.

మధ్యాహ్నం వెత్తియస్ గారి బానిస వచ్చాడు. "బాబుగారి బట్టలివ్వండమ్మా. మా అయ్యగారు ఆయన్ని దత్తు తీసుకున్నారుగా!" అన్నాడు.

ఇక ఆ ఇంటి పేరే నీ పేరు, ఆ ఇంటి దేవుళ్ళే నీ దేవుళ్ళు. అమ్మానాన్నల సమాధి మీద పాలు పోసే కొడుకు ఉండడని తెలిసి కూడా దత్తుకు ఒప్పుకుని, ఆ మాట చెప్పకుండా మా ముందు నిలబడి ఉప్పు వేశావు. నీకోసం ఏ దేవుళ్ళకు మొక్కాలో నాకిప్పుడు తెలియడం లేదు.

సాయంత్రం అక్కచెల్లెళ్ళమందరం కూర్చుని మాట్లాడుకున్నాం. పాలు నేనే పోయాలని నిర్ణయించాం. నువ్వెప్పుడు వచ్చినా తలుపు తీస్తాం, అతిథులు కూర్చునే వైపు చోటిస్తాం.

అక్క