ఉత్తర్వు లేని నల్లబుట్ట

మావయ్యకు నమస్కారాలు.

మీరు పనిచేసిన తీరపు వాతావరణ కేంద్రానికి నూరేళ్లు నిండుతున్నాయి. దాని చరిత్ర రాసే పని ప్రధాన కార్యాలయం నా నెత్తిన పెట్టింది. పెంకుల షెడ్డు నాటి నుంచి మొదలుపెట్టి మీ కాలానికి వచ్చాను. ఇరవై ఆరేళ్ల కిందట, పైనుంచి "ఆకాశం నిర్మలం" అని సమాచారం వచ్చిన రోజున, మీరు స్తంభానికి తుపాను హెచ్చరిక నల్లబుట్ట ఎక్కించారట. పడవలన్నీ ఒడ్డునే ఆగాయి. మధ్యాహ్నానికి తుపాను విరుచుకుపడింది. మీకెలా తెలిసింది?

మీ మేనకోడలు

తా.క.: మీ చేతిరాత చదవడానికి ఆఫీసువారు నాకొక భూతద్దం మంజూరు చేశారు.

---

అమ్మాయికి ఆశీస్సులు.

షెడ్డు గురించి రాయి. గాలి దిక్కు చూపే కోడి తుప్పు పట్టి, మూడేళ్లు తూర్పే చూపించిన సంగతి రాయి. ఆ బుట్ట జోలికి మాత్రం పోకు. నాకేమీ గుర్తు లేదు.

మావయ్య

తా.క.: మీ అత్తయ్య ఇది చదివి, ఎప్పుడో ఎవరి పెళ్లిలోనో తనకు కుర్చీ వెయ్యలేదని ఇప్పటికీ సాధించే మనిషి బుట్టను ఎలా మరిచిపోయాడో అడగమంటోంది.

---

మావయ్యకు,

మీ వినయానికి మా డైరెక్టరుగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. నిండు కుండ తొణకదన్నారు. మీకో అధ్యాయం కేటాయించారు. ఆ రోజు మబ్బుల్లో ఏం చూశారో రాయండి. కొత్తవాళ్లకి పాఠంగా పెడతారట.

మేనకోడలు

తా.క.: కోడి సంగతి కొట్టేశారు.

---

అమ్మాయ్,

పాఠం వద్దు తల్లీ. అప్పట్లో సంజాయిషీ అడిగితే "పొరపాటున ఎక్కించాను" అని రాసిచ్చాను. అదే ఖాయం చెయ్యి.

మావయ్య

తా.క.: కోడిని కొట్టేయడం అన్యాయం. అది తెలిసి తెలిసి అబద్ధం చెప్పలేదు.

---

మావయ్యకు,

సంజాయిషీ కాగితం దొరికింది. "పొరపాటున" అన్న మాట చదివి డైరెక్టరుగారు లేచి నిలబడ్డారు. శిక్షణ భవనానికి మీ పేరే పెడుతున్నారు.

గర్వంతో, మేనకోడలు

తా.క.: ఇంటిపేరు పూర్తిగా రాయాలా, పొడి అక్షరం చాలా? పెయింటరు నిచ్చెన ఎక్కి ఉన్నాడు.

---

బంగారుతల్లికి,

పెయింటరును దిగమను. నేనా రోజు ఆకాశం వైపు చూడనే లేదు.

మీ నాన్న ఇంజను మెకానిక్కుగా పడవలతో మూడు రోజుల వేటకు బయల్దేరాడు. ఆయన రేవుకు వెళ్లాక మీ అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. కబురు పెడితే, "నేనుండి చేసేదేముంది?" అన్నాడట. మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని, "అన్నయ్యా, ఎలాగైనా ఆపు, భయంగా ఉంది" అంది. బావ నా మాట ఎప్పుడు విన్నాడు గనక? బుట్ట ఎక్కితే మాత్రం పడవలు కదలవు. ఎక్కించాను.

తీరా చూస్తే అవి ఉత్తుత్తి నొప్పులు. నువ్వు పుట్టింది పన్నెండు రోజులకు. ఎవరూ చూడకుండా బుట్ట దించేద్దామని వెళ్లేసరికి గాలి లేచింది.

ఊరంతా పొగిడితే నోరెత్తలేకపోయాను. అంతమంది ప్రాణాలు దక్కాయన్న సంతోషం ఎంతుందో, ఆ సిగ్గూ అంతే ఉంది. ఆ అధ్యాయం తీసెయ్యి తల్లీ.

నీ మావయ్య

తా.క.: భవనానికి పేరు తప్పదంటే నీ పేరు రాయించు. ఆ రోజు తుపాను కన్నా ముందు కదిలింది నువ్వొక్కదానివే.