పదకొండో నర్తకి ఆనందం

ప్రియమైన శ్రీవారికి,

ప్రియమైన అన్న మాట అలవాటుకొద్దీ రాశాను, దాన్ని పట్టుకుని మురిసిపోకండి. మీ పరిశోధన ఫలితం మా బ్యాలే బృందానికి చేరింది. టీచరమ్మ దాన్ని ప్రాక్టీసు గదిలో అద్దాల పక్కన అంటించింది. పేర్లు వేయకుండా అంకెలు వేశారు గానీ, ఎవరి అంకె ఎవరిదో అందరికీ తెలుసు, వీపులకు అంటించి మరీ వీడియో తీశారు కదా. పదకొండో నర్తకి అందరికంటే ఎక్కువ ఆనందంతో నాట్యం చేస్తోందట. పదకొండు నేనే. అందరూ వరసగా వచ్చి అభినందించారు. మీకూ చెప్పమన్నారు, చెప్తున్నాను.

"బ్యాలే ఎందుకు చేస్తారు, అందులో మీకేం బాగుంటుంది" అని మీరు రికార్డరు పట్టుకుని మా వెంట తిరిగినప్పుడే మావాళ్లు నవ్వుకున్నారు. మీకు ప్రశ్నల మాస్టారని పేరు పెట్టారు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. పొడుగమ్మాయి "నాకింకో పని చేతకాదండీ" అంది. ఆ మాటలు మీకు ఆనలేదు. కెమెరా పెట్టారు, మొహాలు తీశారు, నవ్వుల్ని బట్టి ఆనందం కొలిచారు. అంత చదువు చదివిన మనిషికి ఒక్క సంగతి తట్టలేదా? నవ్వు కూడా మాకు నేర్పుతారండీ. మోకాలు ఎంత బిగించాలో నేర్పినట్టే పెదాలు ఎంత విప్పాలో నేర్పుతారు. మొహం కాస్త వాడితే చాలు, టీచరమ్మ కర్రతో నేలమీద కొడుతుంది. "మొహం, మొహం. నీ ఏడుపు చూడ్డానికి ఎవరూ టికెట్టు కొనరు" అంటుంది.

మీరు కెమెరా పెట్టిన రోజు నా బొటనవేలికి గోరుచుట్టు. దూది చుట్టి, బూటులో కుక్కి, ఒళ్లంతా ఆ వేలి కొనమీదే నిలిపాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అప్పటిదాకా సామెత అనుకున్నాను. నొప్పి పెరిగినకొద్దీ నవ్వు పెద్దది చేస్తాం, అది మా పద్ధతి. ఏడవలేక నవ్విన మొహానికి మీరు మొదటి స్థానం ఇచ్చారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి వేడినీళ్లలో కాలు పెట్టుకుంటే, ఎదురుగా కూర్చుని "ఇవాళ బాగా చేశావు" అన్నారు. నా కాలు చూడలేదు.

ఇక అసలు సంగతి. ఇంట్లోనూ మీకు నేను ఆ నవ్వే పెడుతూ వచ్చాను. మీ అక్కయ్య "ఇంకా ఎన్నాళ్లమ్మా ఈ గంతులు" అన్నప్పుడు మీరు పేపరు తిరగేస్తుంటే, నేను పెదాలు విప్పాను. నన్ను ఒక్క మాటైనా అడక్కుండా ఇప్పుడు మీరున్న ఆ ఊళ్లో ఉద్యోగం ఒప్పుకొచ్చి, "నీ డాన్సుకి ఎలాగూ వయసైపోతోంది కదా" అన్నప్పుడూ అంతే విప్పాను. మీరు కనిపెడతారేమోనని ప్రతిసారీ చూశాను. మీకు కోపిష్ఠి పెళ్లాం అక్కర్లేదనుకున్నాను, అందుకే నా కోపం కనపడనివ్వలేదు. ఇన్నేళ్లు పక్కపక్కన కూర్చుని తిని, నా నవ్వుల్లో ఏది నాదో తెలియని మనిషి ప్రపంచానికి ఆనందం గురించి చెప్తున్నాడంటే నాకు ఒళ్లు మండిపోతోంది. నెలాఖరుకి బృందం వదిలేసి మీ దగ్గరికి వస్తానన్నాను. రావడం లేదు. మీ పుస్తకాలు కావాలంటే కబురు పెట్టండి, కట్టగట్టి పంపిస్తాను.

ఇట్లు,
మీ పదకొండో నర్తకి

*

మహారాణిగారికి,

ఉత్తరం అందింది. తిట్లు బాగా కుదిరాయి, కాకపోతే వేరేవాళ్లకు పడాల్సినవి నాకు పడ్డాయి. మొహాలకు మార్కులు వేసింది నేను కాదు. తన ఇంటి మనిషి ఉన్నచోట పరిశోధకుడు మార్కులు వేయకూడదని మా దగ్గర కట్టుబాటు. నిన్నెప్పుడూ చూడని ఇద్దరు వేశారు. నవ్వు చూశారు, నమ్మారు. అది తప్పని నాకు తెలుసు. చెప్పాలంటే నా భార్య నవ్వు దొంగదని పదిమందిలో చెప్పాలి. నోరు మూసుకున్నాను.

నీ వీడియో మాత్రం ఆ రోజు ఇంటికి రాకముందే తలుపేసుకుని చాలాసార్లు చూశాను. అందరూ నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు కెమెరా ఆపలేదు, నువ్వు గమనించలేదు. నువ్వొక్కదానివే మిగిలి, కుదరని ఆ తిరుగుడు మళ్లీ మొదలుపెట్టావు. పడ్డావు. లేచి, నీ కాలిని నువ్వే తిట్టావు, అవి నేనెప్పుడూ నీ నోట వినని మాటలు. నొసలు ముడేసుకుని, కింది పెదవి పళ్లకింద పెట్టుకుని, ఎవరినో కొట్టబోతున్నదానిలా ఉన్నావు. చివరికి కుదిరింది. అప్పుడైనా నవ్వావా అంటే, లేదు. ఇంకోసారి చేశావు, చూసేవాళ్లు లేకుండా, ఆ పుండువేలి మీదే. నువ్వు సంతోషంగా ఉంటే ఎలా ఉంటావో నాకు ఆ రోజు తెలిసింది. అందులో నేను లేనని కడుపు మండింది. కాలు చూడలేదని రాశావు. చూస్తే ఆపైన తలెత్తి నీ మొహం కూడా చూడాలి, అందుకే చూడలేదు.

ఉద్యోగం ఒప్పుకున్నది ఆ తర్వాతే. వయసైపోతోందన్న మాట కావాలనే అన్నాను, నీకు మండాలని. చేతిలో గ్లాసు నా నెత్తిన విసురుతావనుకున్నాను. నవ్వావు. మా అక్కయ్య దగ్గర నేను పేపరు వెనక దాక్కున్న మాట నిజమే, దానికి నీ ఇష్టమొచ్చినంత తిట్టు. కానీ నేను కనిపెట్టలేదని మాత్రం అనకు. ఇక్కడ నేను తీసుకున్న గదిలో ఒక్క మంచానికే చోటుంది. నువ్వు రావని నీకంటే ముందే నాకు తెలుసు. బృందాన్ని వదలొద్దు, వదిలితే చేతకానిదానివి.

బ్యాలే ఎందుకు చేస్తావో నాకు తెలిసింది. నాతో ఎందుకున్నావో కూడా అడగాలని చాలాసార్లు అనుకున్నాను. అడిగితే నవ్వుతావు.

ఇట్లు,
ప్రశ్నల మాస్టారు